పాత అంబాసిడర్‌కు మళ్ళీ రంగు వేయించే ముందు: బయటి సామాను విప్పే పద్ధతి

బళ్ళారి, బెంగళూరు, చెన్నై, బరంపురం, షోలాపూరు, యానాం... ఎక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబమైనా, ఒక తరం కింద కారు కొన్నదంటే అది చాలావరకు అంబాసిడరో, ప్రీమియర్ పద్మినీయో అయి ఉండేది. కొన్ని ఇళ్ళలో ఆ బండి ఇప్పటికీ షెడ్డులో ఉంది. మనవరాలి పెళ్ళికో, పెద్దాయన షష్టిపూర్తికో దానికి మళ్ళీ రంగు వేయించి రోడ్డెక్కించాలన్న ఆలోచన వస్తుంది.

అక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. బండిని ఉన్నది ఉన్నట్టుగా షాపుకు తోలి, తాళాలు ఇచ్చి వచ్చేస్తారు. నెల తర్వాత బండి అద్దంలా మెరుస్తూ తిరిగొస్తుంది. తీరా చూస్తే డిక్కీ మీది పేరులో ఒక అక్షరం విరిగి ఉంటుంది, ఎడమవైపు బీడింగు వంకర తిరిగి ఉంటుంది, ముందు దీపం చుట్టూ ఉండే రింగు ఒకటి కొత్తది, ఒకటి పాతది. రంగు నచ్చకపోతే మళ్ళీ వేయించుకోవచ్చు. ఈ సామాను మాత్రం ఫ్యాక్టరీ నుంచి రావడం ఎప్పుడో ఆగిపోయింది. అందుకే బండి పేంటరు దగ్గరికి వెళ్ళకముందే, ఇంటి దగ్గరే, మీ కళ్ళ ముందే ఆ సామాను విప్పి, లెక్క రాసి, దాచుకోవాలి. ఆ పని ఎలా చేయాలో వరుసగా చూద్దాం.

ఈ బండి సంగతి

బి.ఎం. బిర్లా 1942లో స్థాపించిన హిందుస్థాన్ మోటార్స్, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్‌ను తయారుచేసింది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారు దీనికి మాతృక. 1950ల చివర మొదలైన తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. 2017లో అంబాసిడర్ పేరును ఫ్రాన్సుకు చెందిన ప్యూజో సంస్థ 80 కోట్ల రూపాయలకు కొన్నది.

ఇన్ని దశాబ్దాల్లో బండి ఆకారం పెద్దగా మారకపోయినా మార్క్ 1, మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4, నోవా అంటూ మోడళ్ళు మారినప్పుడల్లా ముందు గ్రిల్లు, దీపాల చుట్టూ సామాను, పేరు రాసిన మోనోగ్రాములు మారుతూ వచ్చాయి. ఒక మోడల్ గ్రిల్లు ఇంకో మోడల్‌కు సరిగ్గా కూర్చోదు. ‘అంబాసిడర్ సామాను ఎక్కడైనా దొరుకుతుంది’ అన్న మాట ఇంజను, బ్రేకుల విషయంలో కొంత నిజమే. పాత మోడల్ బయటి సామాను విషయంలో మాత్రం దాన్ని నమ్ముకోకూడదు.

బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ చేసిన ఫియట్ 1100, పద్మినిలకూ, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కూ ఇక్కడ చెప్పే పద్ధతి చాలావరకు పనికొస్తుంది. నట్లు, క్లిప్పులు ఉండే చోట్లు మాత్రం వేరుగా ఉంటాయి.

కాగితం అంటించి రంగు కొడితే ఏమవుతుంది?

తొందరలో ఉన్న షాపులో బీడింగులు, మోనోగ్రాములు, రబ్బర్లు విప్పరు. వాటి మీద టేపు, పాత పేపరు అంటించి చుట్టూ రంగు కొడతారు. కొత్తలో చూడ్డానికి తేడా తెలియదు. తర్వాత మూడు రకాల ఇబ్బంది వస్తుంది.

మొదటిది, టేపు అంచు దగ్గర కొత్త రంగు గట్టులా నిలుస్తుంది. ఆ గట్టు కిందికి నీరు చేరుతుంది. ఒకటి రెండు వానాకాలాలు గడిచేసరికి అక్కడినుంచే రంగు పెచ్చులుగా లేస్తుంది.

రెండోది, బీడింగు కింద వాటర్ పేపర్ పట్టదు. దశాబ్దాల మట్టి, పాలిష్ మైనం అక్కడే పేరుకుని ఉంటాయి. ఆ జిడ్డు మీద కొత్త రంగుకు పట్టు ఉండదు.

మూడోదే అసలు ప్రమాదం. తుప్పు ముందుగా మొదలయ్యేది ఈ సామాను కిందనే. క్లిప్పు కోసం రేకుకు పెట్టిన రంధ్రం అంచు, ముందు అద్దం రబ్బరు కింది మూల, దీపం గిన్నె వెనక భాగం, ఇవన్నీ నీరు నిలిచే చోట్లు. సామాను విప్పకపోతే ఆ తుప్పు కంటపడదు. అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. కాబట్టి రేకు తినేయడాన్ని అందానికి సంబంధించిన విషయంగా మాత్రమే చూడకూడదు. సముద్రపు గాలి తగిలే చెన్నై, యానాం, గోపాల్‌పూర్ వైపు బండ్లలో ఈ తుప్పు ఇంకా ముందే మొదలవుతుంది.

విప్పకముందు చేయాల్సినవి

బండిని శుభ్రంగా కడిగి ఆరనివ్వండి. ఎండ ఏటవాలుగా పడే వేళ నాలుగు వైపులా ఫోటోలు తీయండి. తర్వాత ప్రతి సామానును దగ్గరనుంచి తీయండి. మోనోగ్రాము దగ్గర టేపు కొలబద్ద పెట్టి, అంచునుంచి ఎంత దూరంలో ఉందో ఫోటోలో కనబడేలా చూడండి.

బీడింగులు, మోనోగ్రాములు ఉన్నచోట ఒక పెద్ద గోధుమరంగు కాగితాన్ని టేపుతో అంటించి, పెన్సిలుతో వాటి అంచులు గీయండి. విప్పిన తర్వాత అదే కాగితాన్ని అదే చోట పెట్టి, రంధ్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తు పెట్టండి. దీని అవసరం తర్వాత తెలుస్తుంది. టింకరు డొక్కులు సరిచేసి లప్పం పట్టినప్పుడు, ఖాళీ రంధ్రం కనబడితే దాన్నీ పూడ్చేసే అవకాశం ఉంది. కాగితపు పటం మీ దగ్గర ఉంటే ఎన్ని రంధ్రాలు ఉండాలో లెక్క చెప్పవచ్చు.

ఒక నోటు పుస్తకం పెట్టుకుని ప్రతి సామానుకూ ఒక నంబరు వేయండి. సంచి మీద చీటీ తెలుగులో రాసుకోవడం మనకు సులువే. కానీ షాపులో పనిచేసేవారు తమిళమో, కన్నడమో, ఒడియానో, మరాఠీయో చదువుతారు. మన ఇళ్ళలోనే తెలుగు మాట్లాడుతూ, తెలుగు అక్షరాలు చదవలేని పిల్లలున్నారు. అందుకని ప్రతి చీటీ మీద నంబరు, ఎడమ కుడి తెలిపే బాణం గుర్తు తప్పకుండా ఉండాలి. నంబరును బట్టి పుస్తకంలో వివరం ఎవరైనా చూసి చెప్పగలరు.

చివరగా బ్యాటరీ విప్పాలి. రెండు తీగల్లో బాడీకి బిగించిన తీగను ముందు తీయండి. దీపాల తీగలు విప్పేటప్పుడు నిప్పురవ్వ రాకుండా ఉంటుంది.

కావలసిన పనిముట్లు

పెద్ద ఖర్చేమీ లేదు. ఇవి ఉంటే చాలు:

- అంగుళాల కొలత పానాలు, బాక్సు పానాలు. పాత అంబాసిడర్ ఇంగ్లండు డిజైను కాబట్టి మిల్లీమీటరు పానా వేస్తే నట్టు మూలలు అరిగిపోతాయి. ఫియట్ ఇటలీ డిజైను, దానికి మిల్లీమీటరు పానాలే సరి.
- స్క్రూ గాడిలో బిగుతుగా కూర్చునే స్క్రూడ్రైవర్లు, కనీసం మూడు సైజులు.
- వెడల్పాటి ప్లాస్టిక్ పట్టీలు. ఇనుప స్క్రూడ్రైవరుతో ఎత్తితే బీడింగు వంగుతుంది, రేకు నొక్కుకుపోతుంది.
- రంగు మీద అంటించడానికి మాస్కింగ్ టేపు.
- తుప్పులోకి దిగే నూనె. ఏదీ దొరక్కపోతే కిరోసిను.
- జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు, గాలానికి వాడే సన్నని నైలాను దారం.
- జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచులు, ఒక అయస్కాంతం, టార్చి.

ఒక జాగ్రత్త. సిలికాన్ కలిసిన స్ప్రేలు బాడీ దగ్గర వాడకండి. రేకు మీద సిలికాన్ చుక్క మిగిలినా, కొత్త రంగు అక్కడ నిలవక గుంటలు గుంటలుగా విచ్చుకుంటుంది. ఏ నూనె వాడినా ఆ సంగతి పేంటరుకు చెబితే, రంగుకు ముందు ఆ చోటును ద్రావకంతో తుడుస్తాడు.

ఏ లోహమో ముందు తెలుసుకోండి

మెరిసేదంతా ఒకటే లోహం కాదు. ఒక్కోదానికి ఒక్కో బలం, ఒక్కో బలహీనత ఉంటాయి.

అయస్కాంతం గట్టిగా అతుక్కుంటే అది క్రోమ్ పూసిన ఉక్కు. బంపర్లు ఈ రకం. కాస్త బలం పడినా తట్టుకుంటాయి.

అయస్కాంతం అతుక్కోకుండా, చేతికి బరువుగా ఉండి, పైన చిన్న చిన్న పొక్కులు లేచి ఉంటే అది జింకు కలిసిన పోత లోహం. హార్డ్‌వేర్ కొట్లలో దీన్ని మజాక్ అంటారు. మోనోగ్రాములు, హ్యాండిళ్ళు, అలంకారపు సామాను ఎక్కువగా దీనితోనే పోస్తారు. విప్పేటప్పుడు ఎక్కువగా విరిగేది ఇదే. ఏళ్ళు గడిచేకొద్దీ పెళుసెక్కుతుంది. వెనక ఉండే సన్నని మేకుల్లాంటి కాళ్ళు కొంచెం పక్కకు వంచినా పుటుక్కున విరుగుతాయి.

తేలిగ్గా ఉండి అయస్కాంతం పట్టకపోతే అల్యూమినియం. పలుచగా ఉండి, గట్టిగా స్ప్రింగులా వంగితే స్టెయిన్‌లెస్ స్టీలు. బీడింగులు ఈ రెండింటిలో ఏదో ఒకటి అయి ఉంటాయి. రెండింటికీ ఒకసారి మడత పడితే ఆ గీత పూర్తిగా పోదు.

విప్పే వరుస

చిన్నవీ, తేలిగ్గా విరిగేవీ ముందు విప్పాలి. బరువైన బంపర్లను ముందే విప్పబోతే, అవి జారి మిగతావాటికి తగలవచ్చు.

*మోనోగ్రాములు, బానెట్ మీది అలంకారం.* పైనుంచి ఎత్తే ప్రయత్నం అసలు చేయకండి. బానెట్, డిక్కీ తెరిచి లోపలివైపు చూస్తే నట్లో, స్ప్రింగు క్లిప్పులో కనిపిస్తాయి. నూనె వేసి ఒక రాత్రి నాననివ్వండి. మర్నాడు నట్టును పావు చుట్టు విప్పి, మళ్ళీ కొంచెం బిగించి, మళ్ళీ విప్పుతూ రావాలి. కాలికి తొడిగిన క్లిప్పు రాకపోతే సన్నని కట్టరుతో క్లిప్పునే కోసేయండి. క్లిప్పు రెండు రూపాయల వస్తువు, మోనోగ్రాము దొరకని వస్తువు. తర్వాతి మోడళ్ళలో జిగురుతో అంటించినవి ఉంటే, డ్రయ్యరుతో వేడిచేసి, నైలాను దారాన్ని వెనకనుంచి రంపంలా లాగితే ఊడి వస్తాయి.

*బీడింగులు.* ఇద్దరు ఉండాలి. ముందు చివరలు చూడండి. కొన్నిచోట్ల చివరన లోపలినుంచి నట్టు బిగించి ఉంటుంది. తలుపు మీది బీడింగుకు అలాంటి నట్టు ఉందేమో చూడాలంటే లోపలి అట్ట విప్పాల్సిందే. నట్లన్నీ తీశాక, బీడింగు పైనా కిందా రంగు మీద రెండు పొరల టేపు అంటించి, మొదటి క్లిప్పు దగ్గర ప్లాస్టిక్ పట్టీ దూర్చి కొంచెం ఎత్తండి. రెండోవారు తర్వాతి క్లిప్పు దగ్గర పట్టుకోవాలి. ఒక చివర పట్టుకుని లాగేస్తే మధ్యలో మడత పడుతుంది. విప్పగానే వెనకవైపు టేపు అంటించి, నంబరు, ముందువైపు చూపే బాణం రాయండి. ఎడమ, కుడి బీడింగులు చూపుకు ఒకేలా ఉన్నా బిగించేటప్పుడు తేడా తెలుస్తుంది.

*ముందు దీపాల రింగులు, గ్రిల్లు.* రింగు కింది భాగంలో ఉండే స్క్రూకు ఏళ్ళ తరబడి బురద కొట్టి ఉంటుంది. గాడిలోని మట్టిని సూదితో తీశాకే స్క్రూడ్రైవరు పెట్టండి. గ్రిల్లు విప్పే ముందు బానెట్ తాళం తీగ ఎటునుంచి వెళ్తోందో చూసుకోండి. ఆ తీగ ఊడిపోయి బానెట్ మూసుకుపోతే మళ్ళీ తెరవడం పెద్ద పని.

*డిక్కీ హ్యాండిలు, నంబరు ప్లేటు దీపం.* దీపం తీగను బయటికి లాగే ముందు దాని చివర ఒక పురికొస కట్టండి. తీగ బయటికి వచ్చినా పురికొస లోపల ఉంటుంది. తిరిగి బిగించేటప్పుడు దాన్ని లాగితే తీగ దాని దారిలోనే వస్తుంది.

*తలుపు హ్యాండిళ్ళు.* అద్దాలు దించిపెట్టి పని మొదలుపెట్టండి. లోపల అద్దం తిప్పే పిడి, తలుపు పిడి పిన్నుతోనో స్క్రూతోనో బిగించి ఉంటాయి. వాటిని తీసి, అట్ట జాగ్రత్తగా ఊడదీస్తే బయటి హ్యాండిలు నట్లు దొరుకుతాయి. తాళానికి వెళ్ళే కడ్డీ ఏ రంధ్రంలో ఉందో ఫోటో తీయండి. హ్యాండిలు లేని తలుపును గట్టిగా మూయకండి. లోపల చిక్కుకుంటే తెరవడం కష్టం. షాపుకు వెళ్ళేదాకా తాడుతో కట్టి ఉంచవచ్చు.

*వైపర్లు, అద్దాలు, ఏరియల్.* వైపరు చెయ్యి ఇరుసు మీద తుప్పుతో బిగుసుకుని ఉంటుంది. కిందనుంచి స్క్రూడ్రైవరుతో తన్నితే బానెట్ వెనక రేకు సొట్టపోతుంది. నూనె వేసి, రెండు పక్కలా సమానంగా ఎత్తాలి.

*ముందు, వెనక అద్దాల రబ్బర్లు.* బండికి పూర్తి రంగు వేయిస్తుంటే అద్దాలు తీయడమే మంచిది. అయితే కొత్త రబ్బరు చేతిలోకి వచ్చాకే పాతదాన్ని కోయండి. రబ్బరులో మెరిసే పట్టీ ఉంటే ముందు దాన్ని ఒక చివరనుంచి నెమ్మదిగా తీయాలి. పాత రబ్బరు రాయిలా గట్టిపడి ఉంటే, బయటి అంచును బ్లేడుతో చుట్టూ కోసి, లోపలనుంచి ఒకరు నెడుతుంటే బయట ఇంకొకరు అద్దాన్ని అందుకోవాలి. రబ్బరు కోయకుండా అద్దాన్ని తన్ని తీయాలని చూస్తే పగులుతుంది. తిరిగి బిగించేటప్పుడు రబ్బరు గాడిలో చుట్టూ తాడు పెట్టి, సబ్బు నీళ్ళు రాసి, అద్దాన్ని చోటులో ఉంచి, లోపలినుంచి తాడును లాగుతూ వస్తే రబ్బరు అంచు రేకు మీదికి ఎక్కుతుంది. ఈ పని ముందు చేసిన అనుభవం లేకపోతే అద్దాల మనిషిని పిలిపించుకోవడం మేలు.

*బంపర్లు.* చివరగా వీటి పని. బంపరు ముఖం మీది బోల్టుల జోలికి పోకుండా, బాడీకి బిగించిన బ్రాకెట్ల దగ్గర విప్పితే సులువు. ఇద్దరు పట్టుకోవాలి. బండి కిందికి దూరాల్సి వస్తే జాకీని నమ్ముకోకండి, స్టాండు పెట్టండి. గుండ్రటి తల ఉన్న బోల్టు నట్టుతో పాటే తిరుగుతుంటే, వెనక నట్టును రంపంతో కోసేయడం తప్ప దారి లేదు. ఆ బోల్టు కొత్తది దొరుకుతుంది.

మొండికేసిన స్క్రూకు

సాయంత్రం నూనె వేయండి, మర్నాడు పొద్దున మళ్ళీ వేయండి. స్క్రూడ్రైవరు గాడిలో పెట్టి, వెనక సుత్తితో చిన్నగా రెండు దెబ్బలు కొడితే తుప్పు పట్టు వదులుతుంది. పోత లోహం మీద ఉన్న స్క్రూకు మాత్రం సుత్తి వాడకండి. గాడి అరిగిపోతే తలను డ్రిల్లుతో తొలిచేసి సామాను తీసుకోవాలి. మిగిలిన మేకును తర్వాత నింపాదిగా చూసుకోవచ్చు. మంట చూపించే పని పెట్రోలు ట్యాంకు, రబ్బరు, అద్దం ఉన్న దిక్కున వద్దు.

విప్పినవి దాచడం, శుభ్రం చేయడం

ఏ సామాను నట్లు, వాషర్లు ఆ సామానుతోనే ఒక సంచిలో ఉండాలి. పొడుగు బీడింగులను గుడ్డ చుట్టి, ఒక చెక్క బద్దకు కట్టి, పడుకోబెట్టి ఉంచాలి. గోడకు ఆనించి నిలబెడితే పడిపోతాయి. పెట్టెను షాపులో వదలకుండా ఇంట్లోనే ఉంచుకోండి.

క్రోమ్ మీద పైపై తుప్పు ఉంటే, వంటింట్లో వాడే అల్యూమినియం రేకును ముద్దచేసి, నీటిలో తడిపి రుద్దితే చాలావరకు పోతుంది. అల్యూమినియం బీడింగుకు కాస్టిక్ సోడా, బాత్‌రూము కడిగే యాసిడ్ తగలనీయకండి, నల్లబడి గుంటలు పడుతుంది. సబ్బు నీళ్ళు, మెత్తని గుడ్డ చాలు. స్టెయిన్‌లెస్ స్టీలుకు పాలిషింగ్ పేస్టు వాడవచ్చు.

పూత పూర్తిగా పోయిన బంపరును మళ్ళీ క్రోమ్ చేయించవచ్చు. మంచి పనిలో క్రోమ్ కింద నికెల్ పొర, చాలాసార్లు దాని కింద రాగి పొర కూడా ఉంటాయి. ఒక్క పలుచని పూత వేసి ఇచ్చేది ఎక్కువకాలం నిలవదు. పొక్కులు లేచిన మజాక్ సామానుకు క్రోమ్ చేయించడం కష్టం. పాత పూతను తీసే యాసిడే లోహాన్నీ తినేస్తుంది. ఆ రకం పని ముందు చేసిన చోటికే ఇవ్వండి. ఇచ్చే ముందు కొలతలు, ఫోటోలు తీసుకోండి.

విరిగిపోయినవీ, వంగిపోయినవీ పారేయకండి. కొత్తది వెతకడానికైనా, చేయించడానికైనా నమూనా అదే. చెన్నైలో పుదుపేట, బెంగళూరులో జె.సి. రోడ్డు, కోల్‌కతాలో మల్లిక్ బజారు, విజయవాడలో ఆటోనగర్ పాత బండ్ల సామానుకు పేరున్న చోట్లు. చేతిలో పాత ముక్క పట్టుకుని వెళ్తే మోడల్ తేడా అక్కడికక్కడే తేలిపోతుంది.

పేంటరుతో ముందే మాట్లాడుకోవలసినవి

బండి అప్పగించే రోజు ఈ నాలుగు మాటలు చెప్పి, ఒక కాగితం మీద రాసి ఇద్దరి దగ్గరా ఉంచుకోండి.

ఒకటి, కాగితపు పటంలో ఉన్న రంధ్రాలు పూడ్చకూడదు. రెండు, రంధ్రాల అంచుల్లో, అద్దం చట్రంలో తుప్పు గీకి, ప్రైమరు పట్టించాకే రంగు వేయాలి. మూడు, తుప్పు తినేసిన చోట లప్పంతో నింపకుండా కొత్త రేకు వెల్డింగ్ చేయాలి. నాలుగు, సామాను తిరిగి బిగించే పని మీ సమక్షంలో జరగాలి, లేదా మీరే బిగించుకుంటారు.

పాత రంగును గీకేటప్పుడు దుమ్ము పీల్చకూడదు. ఆనాటి రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. ఇంటి దగ్గర కొంత గీకాల్సి వస్తే నీళ్ళు పోస్తూ వాటర్ పేపరుతోనే రుద్దండి, ముక్కుకు మాస్కు పెట్టుకోండి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

తిరిగి బిగించడం

రంగు చేతికి ఆరినట్టు అనిపించినా లోపల గట్టిపడడానికి సమయం పడుతుంది. ఆ గడువు పేంటరును అడిగి, అది నిండేదాకా ఆగండి. పెళ్ళికి ముందురోజు బిగించేలా పెట్టుకుంటే కొత్త రంగు మీద నట్టు వాషరు ముద్ర పడుతుంది.

ప్రతి రంధ్రం అంచుకు కొంచెం మైనమో, తుప్పు ఆపే గ్రీజో రాయండి. క్లిప్పులు కొత్తవి వాడండి. అల్యూమినియం, ఉక్కు ఒకదానికొకటి నేరుగా తగిలి మధ్యలో నీరు చేరితే, ముఖ్యంగా ఉప్పుగాలి ఉన్నచోట, అల్యూమినియం త్వరగా తినుకుపోతుంది. మధ్యలో పలుచని రబ్బరో నైలాను వాషరో ఉండాలి. మోనోగ్రాము నట్లను వేళ్ళతో తిప్పి, ఆ తర్వాత పానాతో పావు చుట్టు మాత్రమే బిగించండి. విప్పినప్పటి వరుసను తిరగేసి, బంపర్లు ముందు, మోనోగ్రాములు చివర.

కాగితాల సంగతి

బండికి ఆర్.సి.లో ఉన్న రంగే మళ్ళీ వేయిస్తే ఇబ్బంది లేదు. రంగు మార్చదలిస్తే ముందుగా ఆర్.టి.ఓ. కార్యాలయంలో అడిగి, ఆర్.సి.లో నమోదు చేయించాలి. ఇన్సూరెన్సు కంపెనీకీ తెలపాలి. లేకపోతే బండి అమ్మేటప్పుడో, రిజిస్ట్రేషను పొడిగించుకునేటప్పుడో చిక్కు వస్తుంది.

బయటి సామాను కాపాడుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో పాతకాలపు వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్ళు దాటిన బండికి, నంబరులో ‘వి.ఎ.’ అక్షరాలతో వింటేజ్ రిజిస్ట్రేషను తీసుకోవచ్చు. కొత్తగా తీసుకోవడానికి 20,000 రూపాయలు, తర్వాత పొడిగింపుకు 5,000 రూపాయలు రుసుముగా పెట్టారు. రిజిస్ట్రేషను పదేళ్ళు చెల్లుతుంది. అయితే బండి అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అలా నమోదైన బండిని రోజువారీ ప్రయాణాలకు, అద్దెకు తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు, మరమ్మతుల కోసం మాత్రమే రోడ్డు మీదికి తీయాలి.

మార్క్ 2 అంబాసిడర్లు చాలావరకు ఈ వయసు దాటాయి. రేపు మీ ఇంట్లోవాళ్ళు ఆ నమోదుకు వెళ్తే, బండి అసలు రూపం ఇదీ అని చూపడానికి మీరు విప్పకముందు తీసిన ఫోటోలు, నంబర్లు వేసిన నోటు పుస్తకం అక్కరకొస్తాయి. పని పూర్తయ్యాక ఆ పుస్తకాన్నీ, మిగిలిన పాత ముక్కల సంచినీ ఆర్.సి. ఉన్న బీరువాలోనే పెట్టండి.